నొప్పి తగ్గింది, చెప్పు జారింది: ఒక సయాటికా కేసు

పేషెంటు వరికోత మిషన్ డ్రైవరు. వయసు నలభై దాటింది, మిర్యాలగూడ వైపు పల్లె. నేను ఫిజియోథెరపిస్టుని. వాళ్ల ఊరి నుంచి నా క్లినిక్‌కి బస్సులో దాదాపు రెండు గంటలు పడుతుంది. అతని అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నడుము నుంచి కాలికి దిగే నరం నొప్పిని, అంటే సయాటికాని, ఫోన్‌లో చూడొచ్చా, మనిషిని పిలిపించాలా అని రోజుకొకరైనా అడుగుతారు. ఈ కేసులో మొదట ఫోన్‌లోనే చూశాను, అది సరైన నిర్ణయమే. తర్వాత పిలిపించాను, అదీ సరైనదే. ఆ రెంటికీ మధ్య ఒక కాల్‌లో పొరపాటు చేశాను. ముఖ్యంగా దాని గురించే ఈ రాత.

మొదటి కాల్

యాసంగి కోతల కాలం. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు సీటు మీదే. ఒక రోజు పొద్దున మిషన్ బ్యాటరీ కిందికి దించబోతే నడుము కలుక్కుమంది. రెండు రోజులు నడుం పట్టుకుని తిరిగాడు. మూడో రోజు నడుము నొప్పి సగమై, కాలు మొదలైంది. ఎడమ పిర్రలోంచి తొడ బయటివైపుగా దిగి, మోకాలి కింద బయటిపక్క నుంచి పాదం మీదికి, బొటనవేలి దాకా. "కరెంటు తీగ పెట్టినట్టున్నది మేడం. దగ్గితే కాలు మొత్తం జివ్వుమంటది" అన్నాడు. అప్పటికి అయిదు రోజులైంది.

నొప్పి ఏ దారిన దిగుతోందో చెప్పించడం నాకు చాలా అవసరం. చేత్తో గీసి చూపించమంటాను. నడుము వెన్నుపూసల దగ్గర బయటికొచ్చే నరాల మొదళ్లని వేర్లు అంటాం, ఎల్5, ఎస్1 వాటి పేర్లు. పాదం మీదుగా బొటనవేలికి వస్తే ఎక్కువగా ఎల్5 నరం వేరు. పిక్క వెనక నుంచి మడమకి, చిటికెన వేలి వైపుకి పోతే ఎస్1. సయాటికాలో చాలా భాగం ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే కింది రెండు డిస్కుల (వెన్నుపూసల మధ్య మెత్తల) దగ్గరే పుడుతుంది. ఇతను గీసిన గీత ఎల్5 వైపు చూపించింది.

అయినా రెండు గంటలు బస్సులో రమ్మనలేదు. కూర్చోవడమే అతని నొప్పికి పెద్ద శత్రువు. సీటు మీద ముందుకి వంగి కూర్చున్నప్పుడు డిస్కు మీద ఒత్తిడి పెరుగుతుంది. నన్ను కలవడానికి వచ్చి, వెళ్లేటప్పుడు మరింత నొప్పితో వెళ్లడంలో అర్థం లేదు. పైగా ఇలాంటి నొప్పి ఎక్కువమందిలో ఆపరేషన్ లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో నెమ్మదిస్తుంది. కానీ ఫోన్‌లో చూస్తానని ఒప్పుకోవాలంటే ముందు కొన్ని సంగతులు తేలాలి.

అందులో మొదటిది అడగడానికి అందరూ మొహమాటపడే ప్రశ్న. నడుము కింద నరాల కట్ట మొత్తం నలిగితే మూత్రం, మలం మీద పట్టు పోతుంది, కాళ్ల మధ్య స్పర్శ పోతుంది. దీన్ని కాడా ఈక్వైనా అంటారు. ఇంగ్లీషు ప్రశ్నల పట్టికల్లో టాయిలెట్ పేపర్‌తో తుడుచుకునేటప్పుడు తెలుస్తోందా అని అడుగుతారు. దాన్ని అలాగే అనువదిస్తే మన పల్లెలో ఎవరికీ ఎక్కదు. నేను ఇలా అడుగుతాను: "కడుక్కునేటప్పుడు నీళ్లు తగిలినట్టు తెలుస్తున్నదా? చెయ్యి తగిలింది తెలుస్తున్నదా? సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారినట్టుందా?" తర్వాత మూత్రం సంగతి. వస్తున్నదా అని అడిగితే వస్తున్నదనే అంటారు. ఎప్పటిలా ధారగా వస్తోందా, మొదలవడానికి నిలబడాల్సి వస్తోందా, ఉబ్బరంగా ఉన్నా పోవాలనిపించడం లేదా అని విడదీసి అడగాలి. ఫోన్ స్పీకర్‌లో ఉంది, పక్కన భార్య, వెనక అతని తల్లి. "అన్నా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి రా" అన్నాను. బయటికొచ్చాకే సూటిగా జవాబిచ్చాడు. అన్నీ మామూలుగానే ఉన్నాయి.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, పాత క్యాన్సర్, ఈమధ్య కింద పడటం, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడటం కూడా అడిగాను. మన దగ్గర వెన్నెముక టీబీని మరిచిపోకూడదు. ఏవీ లేవు. రెండో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నానని చెప్పాడు. ఏం మందో తెలియదు. రాసుకున్నాను గానీ దాన్ని పట్టించుకోవాల్సినంత పట్టించుకోలేదు.

తర్వాత వీడియో. ఫోన్‌ని నేలమీద బిందెకి ఆనించమన్నాను, మోకాళ్ల కింది భాగం నిండుగా కనబడేలా. మడమల మీద నాలుగు అడుగులు నడిచాడు, రెండు పాదాల ముందుభాగాలూ సమానంగా లేచాయి. మునివేళ్ల మీద కూడా నడిచాడు. గోడ పట్టుకుని ఒక్కో కాలి మీద పదిసార్లు మడమ లేపాడు. కుర్చీలో కూర్చోబెట్టి రెండు బొటనవేళ్లూ పైకి లేపి ఉంచమని, అతని భార్యని రెండు చేతుల బొటనవేళ్లతో ఒకేసారి కిందికి నొక్కమన్నాను. "రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి మేడం" అంది. దీపం వత్తి కొనతో రెండు పాదాల మీద మెల్లగా రాయించాను. ఎడమ పాదం మీద కొంచెం మందంగా ఉందన్నాడు. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తించాను. నలభై డిగ్రీలకే పిక్క దాటి నొప్పి దిగింది. కుడికాలు ఎంత ఎత్తినా ఏమీ లేదు.

వీడియోలో ఇంతవరకూ చూడగలం. మడమ దగ్గర సుత్తితో తట్టి రిఫ్లెక్స్ (పాదం దానంతటదే కదలడం) చూడలేను. బలాన్ని నా చేత్తో తూచలేను. భార్య చేతికి రెండూ ఒకటే అనిపించినా నా చేతికి తేడా తెలిసి ఉండేదేమో. అందుకే "బలం తగ్గలేదు" అని రాసుకోలేదు, "వీడియోలో బలం తగ్గినట్టు కనబడలేదు" అని రాసుకున్నాను.

ఎమ్మారై తీయించుకోవాలా అని అడిగాడు. పక్కింటాయనకి తీస్తే "గ్యాప్ వచ్చింది" అన్నారట. ఆ రోజుకి వద్దన్నాను. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందిలో కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించింది. నొప్పి లేనివాళ్ల ఫిల్ముల్లోనే ఇన్ని ఉంటే, ఫిల్ము చూసి భయపడటం తప్ప మొదటి వారంలో దానివల్ల వైద్యం మారదు. మారేది బలం తగ్గినప్పుడు, లేదా ఆపరేషన్ ఆలోచన వచ్చినప్పుడు.

మందులు నేను రాయను. నాతో పనిచేసే డాక్టరు వీడియోలో మాట్లాడి రాశారు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, ఫోన్‌లో చూస్తే సరిపోతుందా, నేరుగా చూడాలా అన్నది డాక్టరే తన విచక్షణతో తేల్చుకోవాలి. ఆ కాగితంలోనూ ఆర్‌ఎంపీ అనే మాట ఉంది, కానీ అక్కడ దాని అర్థం రిజిస్టరైన వైద్యుడు. పల్లెలో ఆ మాటకి అర్థం వేరే. ఈ తేడా వల్ల ఊళ్లో ఆర్‌ఎంపీ సూదిని కూడా "డాక్టరు వైద్యమే" అనుకుంటారు.

నేను చెప్పినవి: మంచానికి అతుక్కుపోవద్దు. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా పేషెంట్ల మీద చూస్తే రెండు వారాలు పడుకోబెట్టినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టుకుని పది నిమిషాలు, లేచి అయిదు నిమిషాలు నడక, అలా రోజుకి నాలుగైదు సార్లు. గొంతుకూర్చోవద్దు, కుర్చీ కమోడ్ వాడు. మిషన్ ఎక్కొద్దు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టిన ఒకతనితో నడుం తన్నించుకుంటే పోతుందని తల్లి పట్టుబడుతోంది. "అమ్మా, జారిన డిస్కు మీద తన్నిస్తే నరం ఇంకా నలుగుతది" అని ఆమెతోనే మాట్లాడాను. ఆమె ఒప్పుకుంది.

ఆరో రోజు

మొదటి కాల్ నుంచి లెక్కేస్తే ఆరో రోజు. మళ్లీ మాట్లాడే ఆ రోజు సిగ్నల్ సరిగా లేదు. వీడియో రెండుసార్లు ఆగిపోతే, మామూలు కాల్ చేశాను. గొంతులోనే హుషారు. "మస్తు నయముంది మేడం. పదికి ఎనిమిదున్న నొప్పి మూడుకొచ్చింది. రాత్రి నిద్రపట్టింది." కడుక్కునేటప్పుడు స్పర్శ, మూత్రం సంగతులు అడిగాను, బాగున్నాయి. నడుస్తున్నావా అంటే నడుస్తున్నానన్నాడు. నాకూ సంతోషం వేసింది. నడక పెంచమని చెప్పి, వారం తర్వాత మాట్లాడదామని పెట్టేశాను.

మడమల మీద నడవమని అడగలేదు. బొటనవేలు లేపమని అడగలేదు. వీడియో లేకపోయినా భార్యకి ఫోన్ ఇప్పించి, చూసి చెప్పమనాల్సింది. నొప్పి తగ్గిందన్న మాట వినగానే పరీక్ష అయిపోయినట్టు అనుకున్నాను.

నొప్పీ బలమూ ఒకే నరంలో ఉంటాయి గానీ ఒకే తాడుకి కట్టినవి కావు. నరం చుట్టూ వాపు ఉన్నప్పుడు నొప్పి భగభగమంటుంది. నరం బాగా నలిగి కబురు మోయడమే ఆగిపోతుంటే కొన్నిసార్లు నొప్పి కూడా తగ్గుతుంది, దాని చోటు మొద్దుబారడం ఆక్రమిస్తుంది. నరం బాగుపడుతుంటే కూడా నొప్పి తగ్గుతుంది. పేషెంటుకి రెండూ "నయముంది" అనే అనిపిస్తాయి. రెంటినీ విడదీసేది కాలు చేసే పని ఒక్కటే. పైగా సూదిలో స్టెరాయిడ్ పడి ఉంటే, ఆ కొద్దిరోజుల ఊరట మధ్యలో వచ్చి లెక్కంతా తప్పిస్తుంది.

ఎనిమిదో రోజు

రాత్రి ఎనిమిదింటికి భార్య ఫోన్ చేసింది. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియనట్టు కాసేపు ఆగింది. "మేడం, ఇది చెప్పాల్నో లేదో తెల్వది. ఆయన ఎడమ కాలుకు చెప్పు ఉంటలేదు. నిన్న పొలం కాడికి పోయి ఒక్క చెప్పుతోని ఇంటికొచ్చిండు, జారిపోయింది కూడా ఎరుకలేదు. నడుస్తుంటే టప్పు టప్పుమని చప్పుడొస్తున్నది."

ఆ చప్పుడు నాకు చాలు. మామూలుగా నడిచేటప్పుడు మడమ ఆనాక పాదం ముందుభాగాన్ని మెల్లగా దించేది ముంగాలి కండరం. అది నీరసిస్తే పాదం నేలని కొడుతుంది. హవాయి చెప్పు కాలికి ఉండేది బొటనవేలూ పక్క వేలూ దాని పట్టీని పట్టి ఉంచడం వల్ల. ఆ పట్టు తెలియకుండా వదులైతే చెప్పు జారుతుంది, స్పర్శ తగ్గితే జారిన సంగతీ తెలియదు. బూట్లు వేసుకునేవాళ్లలో ఈ గుర్తు ఇంత తొందరగా బయటపడదు. మన చెప్పులు మనకి ఇచ్చిన పరీక్ష ఇది.

బిందెకి ఫోన్ ఆనించారు. మడమల మీద నడవమన్నాను. కుడి పాదం లేచింది. ఎడమది నేల వదల్లేదు. బొటనవేలు లేపమంటే కండరం కదిలిన నీడ కనబడింది, వేలు మాత్రం లేవలేదు.

"అన్నా, రేపు పొద్దుననే బయల్దేరాలె. నా దగ్గరికి కాదు, ఎమ్మారై ఉన్న ఆస్పత్రికి" అన్నాను. "నొప్పి తగ్గింది గద మేడం" అన్నాడు. పదిహేను రోజుల్లో కోతలు అయిపోతాయి, సీజన్ పోతే ఏడాది పోయినట్టే. అతను భయపడింది దానికి. కాలు తిమ్మిరి, మొద్దు అన్న మాటలు అతన్ని కదిలించలేదు. "క్లచ్ తొక్కేది ఎడమకాలే కదా" అన్నప్పుడు ఆగాడు. మూత్రం, కాళ్ల మధ్య స్పర్శ మళ్లీ అడిగాను, బాగున్నాయి. అవి గనక తేడాగా ఉంటే రేపు అనే మాటే లేదు, ఆ రాత్రికే 108. కాడా ఈక్వైనాలో 48 గంటల్లోపు ఒత్తిడి తీసేస్తే ఫలితం మెరుగని 2000లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. నేను ఆ 48 గంటలని గడువుగా ఎప్పుడూ లెక్కపెట్టుకోను. ఎంత తొందరైతే అంత మేలు. రాత్రిలో ఏ తేడా వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దని భార్యకి రెండుసార్లు చెప్పాను.

బస్సు వద్దన్నాను. బంధువుల కారులో ముందు సీటు వెనక్కి వాల్చి, గంటకోసారి ఆపి రెండు నిమిషాలు నిలబెడుతూ తెచ్చారు.

చేత్తో చూసినప్పుడు

నేనూ ఆస్పత్రికి వెళ్లాను. సర్జన్ వచ్చేలోపు ఇరవై నిమిషాలు దొరికాయి. పాదం పైకి లేపే బలం అయిదుకి మూడు, బొటనవేలుది రెండు. ఇక్కడ ఒక ముఖ్యమైన అనుమానం తీరాలి. పాదం జారడం, అంటే పైకి లేవక వేలాడటం, నడుము నుంచే రానక్కర్లేదు. మోకాలి కింద బయటివైపు ఎముక చుట్టూ తిరిగే నరం నలిగినా సరిగ్గా ఇలాగే పాదం జారుతుంది. గంటలకొద్దీ గొంతుకూర్చుని కలుపు పని చేసేవాళ్లలో, కాలు మీద కాలేసుకుని కూర్చునేవాళ్లలో అది చూస్తాం. వీడియోలో ఈ రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి.

తేడా తెలిసేది రెండు చోట్ల. పాదాన్ని లోపలికి తిప్పి నా చెయ్యికి ఎదురు నెట్టమన్నాను. మోకాలి దగ్గరి నరమైతే ఆ బలం ఉండాలి. ఇతనిలో తగ్గింది. పక్కకి పడుకోబెట్టి పైకాలు ఎత్తించి నొక్కాను. తుంటి పక్క కండరం కూడా తేలిపోయింది. ఈ రెంటికీ నరం అందేది ఎల్5 వేరు నుంచే గానీ మోకాలి దగ్గరి నరం నుంచి కాదు. మడమ రిఫ్లెక్స్ రెండువైపులా ఉంది, అంటే ఎస్1 బాగుంది. సూదిమొనతో చూస్తే పాదం మీద, బొటనవేలి మొదట్లో పదును తెలియడం లేదు. మూత్రం పోసుకున్నాక స్కాన్‌లో సంచిలో మిగిలింది 40 మిల్లీలీటర్లు. 200 దాటి ఉంటే భయపడేవాళ్లం.

ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్కు ముక్క ఎడమవైపు బయటికొచ్చి ఎల్5 వేరుని గోడకి అదిమి ఉంది. సర్జన్ మాట నాకు నచ్చింది. "కాలి నొప్పి తగ్గుతుందని చాలావరకు నమ్మకంగా చెప్పగలను. బలం పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను. ఆగితే మాత్రం ఇంకా పోవచ్చు." అలా రోజురోజుకీ బలం తగ్గుతున్నవాళ్ల సంగతి వేరు. నొప్పి ఒక్కటే ఉన్నవాళ్లకి తొందరపడక్కర్లేదని 2007లో డచ్ వైద్యులు 283 మందితో చేసిన పరిశీలన చూపించింది. తొందరగా ఆపరేషన్ చేసినవాళ్లు ముందు తేరుకున్నారు, ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. మర్నాడు ఇతనికి డిస్కు ముక్క తీసేశారు.

మళ్లీ ఫోన్‌లోకి

ఆపరేషన్ తర్వాత చేసిన వైద్యంలో ఎక్కువ భాగం వీడియోలోనే. మొదట రెండు నెలలు పాదం జారకుండా ప్లాస్టిక్ పట్టీ. రెండు వారాలకి, ఆరు వారాలకి, మూడు నెలలకి నేరుగా చూశాను, చేత్తో బలం కొలవడానికి. మిగతా వారాలన్నీ ఇంటి వరండాలోనే. మడమ నేలమీద ఉంచి పాదం లేపడం, భార్య తువ్వాలుతో పట్టి లాగుతుంటే ఎదురు లాగడం, నడకలో చప్పుడు వినడం. చప్పుడు కోసం మైకు పాదం దగ్గర పెట్టమనేదాన్ని. ఆరు వారాలకి పాదం బలం నాలుగు. బొటనవేలు వెనకపడింది.

మూడు నెలల చూపుకి వచ్చినప్పుడు మామూలుగా మాట్లాడుతూ అన్నాడు, చెప్పు మొదటిసారి జారింది అయిదో రోజునేనట. అంటే నేను సంతోషంగా ఫోన్ పెట్టేసిన దానికి ముందురోజు. "మరి ఆ రోజు చెప్పలేదేం అన్నా?" అన్నాను.

"మీరు నొప్పి సంగతే అడిగిన్రు గద మేడం."

రెండు రోజుల ముందు తెలిసి ఉంటే ఆ బొటనవేలు ఇంకాస్త బాగుండేదేమో. ఉండేదని చెప్పలేను, ఉండేది కాదనీ చెప్పలేను. ఆ మాట నా కేసు కాగితం పైన రాసుకున్నాను.

అదే వేసవిలో ఒక స్కూలు టీచరుకి ఎస్1 దారిలో నొప్పి వచ్చింది. ఆమెని నేను నేరుగా ఒక్కసారీ చూడలేదు. ఏడు వారాల్లో ఆరు వీడియోలు, ప్రతిసారీ ముందు ఒంటికాలి మీద పదిసార్లు మడమ లేపడం, తర్వాతే నొప్పి మాట. మూడో వారం నొప్పి ఎనిమిదికి పెరిగింది, ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు. పదికి పది లేపుతోంది, స్పర్శ మారలేదు, మూత్రం బాగుంది. నొప్పి ఎంత ఎక్కువున్నా ఇంట్లోనే ఉంచాను, డాక్టరు మందు మార్చారు, తగ్గింది. డ్రైవరుకి నొప్పి మూడున్న రోజున ఆస్పత్రికి పోవాల్సి వచ్చింది, టీచరుకి ఎనిమిదున్నా అక్కర్లేకపోయింది.

ఇప్పుడు కాల్ మొదలుపెట్టే తీరు మార్చాను. "ఎట్లుంది?" అని అడగను. ముందు కడుక్కునేటప్పటి స్పర్శ, మూత్రం. తర్వాత "చెప్పు ఉంటున్నదా? గడప తగులుతున్నదా? మెట్లు దిగేటప్పుడు కాలు మడత పడుతున్నదా?" ఆ తర్వాత మడమలు, మునివేళ్లు, బొటనవేలు. వీడియో ఆడకపోతే అవతలి గదిలో ఉన్నవాళ్లని పిలిపించి చూసి చెప్పమంటాను. వాళ్లూ లేకపోతే ఆ కాల్‌ని లెక్కలోకి తీసుకోను, మర్నాడు మళ్లీ చేస్తాను. ముందుసారి లేచిన వేలు ఈసారి లేవకపోతే, నొప్పి ఎంత తగ్గినా రమ్మంటాను. ఒక్క కాలి నొప్పి రెండు కాళ్లకి పాకినా అంతే. నొప్పి మాట చివర్లో అడుగుతాను.

ఆరో నెల కాల్‌కి అతను వానాకాలం కోతల్లో ఉన్నాడు, సీటు మీద రెండు గంటలకోసారి దిగుతున్నానన్నాడు. రోడ్డు మీద ఎండబోసిన వడ్ల పక్కన ఫోన్ ఎవరికో పట్టుకోమని ఇచ్చి, చెప్పులు విప్పి, మడమల మీద నడిచి చూపించాడు. రెండు పాదాలూ లేచాయి. ఎడమ బొటనవేలు కుడిదాని కంటే అంగుళం కిందే ఆగింది. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ చూస్తానని చెప్పాను.